ఒనెజిమ్ రవార్ ఒడ్డెక్కిన గంట

ఒనెజిమ్ రవార్ కుడికాలు ఎడమకాలికన్నా లావుగా ఉండేది. పోర్-లా-వాజ్ అనే సముద్రపు ఊళ్ళో ఆల్చిప్పలు పెంచే మగవాళ్ళందరిదీ అదే తీరు. సముద్రం వెనక్కి తగ్గాక తేలే బురద మీద మనిషి నడవలేడు, తొడలదాకా దిగిపోతాడు. అందుకని బల్లపరుపు బురదపడవలో ఎడమ మోకాలు మోపి, రెండు చేతులా అంచులు పట్టుకుని, కుడికాలు బయటపెట్టి తన్నుకుంటూ పోవాలి. పోను గంట, రాను గంట, మధ్యలో ఆల్చిప్పలు పట్టిన గుంజల వరుసల దగ్గర పని. పదకొండో ఏట మొదలుపెట్టాడు ఒనెజిమ్. నలభై ఒకటో ఏట జైలు డాక్టరు అతన్ని బట్టలిప్పించి నిలబెట్టి, కుడితొడ వాపు, ఏదో పాత రోగం అని కాగితం మీద రాసుకున్నాడు. రోగం కాదు దొరా, అది నా పని, అన్నాడట ఇతను. డాక్టరు తలెత్తి చూడలేదు. ఒనెజిమ్ గురించి సర్కారు రాసుకున్న కాగితాలన్నీ ఆ బాపతే. చూసింది నిజం, రాసింది తప్పు.

మాటలు తక్కువ మనిషి. గుడికి పోడు గానీ గుడిగంట మోగితే టోపీ తీస్తాడు. భార్య క్లెమాన్స్ ఉప్పుమడుల వైపు పిల్ల, ఆమె నోట్లోనూ కాస్త ఉప్పు ఎక్కువే. పిల్లల్లేరు. ఒక పడవ, నలభై వరుసల గుంజలు, పడవ వెనకభాగాన తెల్ల రంగుతో 'రవార్' అన్న పేరు. ఏటా వసంతంలో మొదటి పెద్ద ఆటుకి ముందు ప్రతి ఇంటివాళ్ళూ తమ పేరు మళ్ళీ దిద్దుకోవడం ఆ ఊరి ఆచారం. పేరు వెలిసిన పడవని చూస్తే, ఆ ఇంట్లో మగాడు మంచం పట్టాడా అని అడుగుతారు.

ఇతని కథ అర్థం కావాలంటే గంట సంగతి తెలియాలి. పంతొమ్మిది వందల నలభైలో జర్మను సైనికులు వచ్చి తీరంలోని గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరిపించారు, వాళ్ళ రాజధానికి సరిపోయేలా. యుద్ధం అయింది, సైనికులు పోయారు, ఆ గంట మాత్రం పోలేదు. పారిస్‌కి అలవాటైపోయింది, చట్టంలో ఉండిపోయింది. పోర్-లా-వాజ్‌కి అలవాటు కాలేదు. సముద్రం ఎవరి ఉత్తర్వులూ వినదు, ఆటుపోట్ల పంచాంగం పాత గంటలోనే అచ్చవుతోంది, మనుషులు పంచాంగం చూసుకుని బతుకుతున్నారు. ఊళ్ళో సర్కారు గంట నడిచేది తపాలా కచేరీలోనూ బడిలోనూ. అక్కడికి వెళ్ళేవాళ్ళు, గడప దగ్గర చెక్కజోళ్ళు విడిచినట్టు, ఏమీ ఆలోచించకుండా ఒక గంట కలుపుకునేవాళ్ళు. బయటికి వచ్చాక ఆ గంట అక్కడే వదిలేసేవాళ్ళు.

రేవు వాలు పక్కనే ఇర్మమ్మ కెఫే. దాని గోడ మీది గడియారమంటే ఊరికి గర్వం. ఇర్మమ్మ మొగుడు ఫెర్దినా బతికున్న రోజుల్లో ఒక జర్మను సార్జెంటు వచ్చి ముళ్ళు ముందుకు తిప్పేవాడు. అతను గుమ్మం దాటగానే ఫెర్దినా కుర్చీ ఎక్కి వెనక్కి తిప్పేవాడు. పదకొండు రోజులు అలా నడిచింది. పన్నెండో రోజు ఫెర్దినాని తీసుకుపోయి మూడు వారాలు కొట్లో వేశారు. తిరిగొచ్చి టోపీ కూడా తీయకుండా కుర్చీ ఎక్కాడు. ఆ తర్వాత ఆ గడియారం జోలికి ఎవరూ పోలేదు.

బార్బొతో అనే ఆయన ఆ ఊళ్ళో టోకు వర్తకుడు. ఒడ్డున ఉన్న అతని షెడ్డు దాటకుండా ఒక్క బుట్ట కూడా పట్నం చేరేది కాదు. యాభై మూడు ఫిబ్రవరిలో ఒనెజిమ్ తెచ్చిన బండెడు సరుకు చూసి, కుళ్ళు కంపు కొడుతోందని, పదిమందీ చూస్తుండగా బండి తిరగేయించి రోడ్డు మీద పోయించాడు. అవి కుళ్ళలేదు. ఒనెజిమ్ అటు తిరగ్గానే ఊరి ఆడవాళ్ళు గౌను చెంగుల్లో ఏరుకెళ్ళి వండుకున్నారు, ఒక్కరికీ కడుపునొప్పి రాలేదు. ఆ పూట ఒనెజిమ్ ఒకే మాట అన్నాడు, నిన్నూ ఇలాగే రోడ్డు మీద పోసే రోజొస్తుందిరా, అని. తన కొయ్య సమ్మెట, గుంజలు దిగ్గొట్టేది, పిడి మీద పొడి అక్షరాలు చెక్కుకున్నది, ఆ షెడ్డులోనే ఉండిపోయింది. పౌరుషం కొద్దీ దానికోసం మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అరువు సమ్మెటతో పని చేసుకున్నాడు.

మార్చిలో, అమావాస్య మర్నాడు, ఆ సమ్మెటతోనే ఎవరో బార్బొతో తల పగలగొట్టారు. ఆ వేళ వర్తకుడు షెడ్డులో కూర్చుని పట్నంలో ఎవరో బేరగాడితో టెలిఫోనులో మాట్లాడుతూ, ఎవరది, తలుపేసి రా, చలి, అన్నాడట. ఆ వెంటనే రిసీవరు నేలపడిన చప్పుడు. తపాలా కచేరీలో టెలిఫోను చూసే పిల్ల ఆ పిలుపు తెగిన వేళ రాసుకుంది: ఒంటిగంట ఐదు నిమిషాలు.

ఆ సాయంత్రమే పోలీసులు ఒనెజిమ్ ఇంటికొచ్చారు. ఎన్నింటికి ఒడ్డెక్కావని అడిగారు. పన్నెండున్నరకి, అన్నాడు. ఎవరు చూశారన్నారు. చూడకేం, ఇర్మమ్మ కిటికీ ముందునుంచేగా వచ్చాం, అన్నాడు. ఇర్మమ్మని అడిగారు. బురద మనుషులు పైకి రాగానే గ్లాసుల్లో ద్రాక్షసారా పోసి పెట్టడం ఆమె అలవాటు కాబట్టి ఆ వేళకి గడియారం చూస్తుంది. పన్నెండున్నర, అంది. అతనితోపాటు ఆ రోజు బురద మీదికి వెళ్ళిన ఏడుగురినీ అడిగారు. వాళ్ళలో పెద్దవాడు తెయొదుల్, ఒనెజిమ్‌కి చిన్ననాటి జోడీ. ఏడుగురూ పన్నెండున్నర అన్నారు. అందరూ నిజం చెప్పారు. అందరూ సూర్యుడి గంట, అంటే ఊరి పాత గంట, చెప్పారు. సర్కారు లెక్కలో అది ఒకటిన్నర. బార్బొతో ప్రాణం పోయేసరికి ఒనెజిమ్ ఇంకా ఒడ్డుకి మైలు దూరంలో, పోటు తరుముతుంటే, కాలితో బురద తన్నుతున్నాడు. ఆ ఏడుగురూ అతని పక్కనే ఉన్నారు.

ఆ ముక్క ఎవరికీ తట్టలేదు. నవంబరులో కోర్టులో ప్రభుత్వ వకీలు ఒంటిగంట ఐదు నిమిషాలు అంటుంటే, ఒనెజిమ్ చెవికి అది తమ ఊరి ఒంటిగంటలాగే వినిపించింది. ఆ వేళకి ఇంట్లో ఉన్నాను, మా ఆవిడ వెల్లుల్లి సూపు పోసింది, తింటున్నాను, అన్నాడు. క్లెమాన్స్ కూడా అదే చెప్పింది. అబద్ధం ఎక్కడో ఒకచోట నిజానికి గుద్దుకుంటే పట్టుబడుతుంది. ఇక్కడ గుద్దుకోవడానికేమీ లేదు. ఒకే గదిలో రెండు గంటలు పక్కపక్కనే నడిచాయి, ఒకదాన్నొకటి చూసుకోలేదు. పట్నం నుంచి సర్కారు ఇచ్చిన వకీలు సముద్రాన్ని వేసవి సెలవుల్లో మాత్రమే చూసినవాడు. పంచాంగం తెరిచి, ఆ రోజు ఆటు ఎప్పుడని ఒక్కసారి చూసుంటే చాలు. తెరవలేదు. ప్రభుత్వ వకీలు మాత్రం జ్యూరీ వైపు తిరిగి, మొగుడికి ఏ వేళ అవసరమైతే ఆ వేళకే ఉడుకుతుంది పెళ్ళాం సూపు, అన్నాడు. జ్యూరీ నవ్వింది. ఆ నవ్వు క్లెమాన్స్ చచ్చేదాకా మర్చిపోలేదు.

ఇరవై ఏళ్ళు వేశారు.

వారం తిరక్కుండా ఎవరో వాలు మీద బోర్లించిన పడవ వెనక పేరు గీకేశారు. ఎవరో ఏమిటి, ఊరు. క్లెమాన్స్ దాన్ని మళ్ళీ దిద్దలేదు. ఒనెజిమ్ పాత లాగులు కత్తిరించి కుట్టుకుని, ఆ పేరులేని పడవలో మోకాలు మోపి తనే బురద మీదికి వెళ్ళింది. ఆ ఊళ్ళో అంతకుముందు ఆ పని చేసిన ఆడది లేదు. మొదటి రోజున మగాళ్ళు నవ్వారు. ఏమ్మా, సూపు పొయ్యి మీద పెట్టే వచ్చావా, అన్నాడొకడు. పెట్టే వచ్చాను, నీకైతే ఒక గంట ఆలస్యంగా పోస్తాలే, అంది. ఏ గంట గురించి అంటోందో ఆమెకే తెలియదు అప్పటికి. రెండో ఏటికి ఆమె కుడికాలు కూడా లావెక్కింది.

జైలు ఒక ద్వీపంలో ఉండేది. వలలు అల్లే గది కిటికీలోంచి చారెడు సముద్రం కనిపించేది. అక్కడ నడిచేది సర్కారు గంటే అని ఒనెజిమ్‌కి తెలుసు. మా ఊళ్ళో ఇంకా పదకొండే, అప్పుడే ఆకలేయమంటారేంరా వీళ్ళు, అని పక్కవాడితో అనేవాడు కూడా. కానీ తెలిసినదానికీ తట్టినదానికీ మధ్య నాలుగేళ్ళు పట్టింది. యాభై ఏడు మార్చిలో ఒక పెద్ద ఆటు రోజున అన్నాలయ్యాక వలగదికి తిరిగొచ్చాడు. జైలు గంట ఒంటిగంట కొట్టింది. కిటికీలోంచి చూస్తే ఆ ద్వీపం వాళ్ళ బురదపడవలు ఇంకా బురద మీదే ఉన్నాయి. ఒంటిగంటకి బురద మీద మనుషులేమిటి, పోటు రాలేదా, అనుకున్నాడు. అలా అనుకుంటూనే చేతిలో వల కింద పడేశాడు.

కాపలావాడు వచ్చి పనిలోకి వంగమన్నాడు. ఒనెజిమ్ వంగలేదు. ఒంటిగంట ఐదు నిమిషాలకి నేను అక్కడున్నాను, అని కిటికీలోంచి వేలు చూపించాడు. ఎక్కడా, అని కాపలావాడు. అక్కడ, బురద మీద, నాలుగేళ్ళ కిందట, అన్నాడు. మతి పోయిందనుకుని రెండు రోజులు వేరే గదిలో పెట్టారు. ఆ రెండు రోజులూ అతను నవ్వుతూనే ఉన్నాడనీ, మూడో రోజు ఉదయం గోడని పిడికిలితో చర్మం ఊడేదాకా గుద్దాడనీ తర్వాత తనే చెప్పుకున్నాడు. నవ్వు తన తెలివితక్కువకి. గుద్దులు ఎవరికో అప్పటికింకా తెలియదు.

క్లెమాన్స్‌కి ఉత్తరం రాశాడు. ఆమె ఆ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని ఏడుగురి ఇళ్ళకీ వెళ్ళింది. మీరు చెప్పింది సూర్యుడి గంటే అని ఒక కాగితం మీద సంతకం పెట్టండి చాలు, అంది. ఎప్పటి మాటో, ఏ గంటో ఎవరికి గుర్తుంటుంది క్లెమాన్స్, అన్నారు. తెయొదుల్ ఇంట్లో లేనని పెళ్ళాం చేత చెప్పించాడు. గోడకి తగిలించిన అతని బురద బూట్లలోంచి నీళ్ళింకా కారుతున్నాయి. చివరికి ఆమె కెఫేకి వెళ్ళింది. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళే చోటు కాదది, గుమ్మంలోనే నిలబడింది. ఇర్మమ్మ గ్లాసు తుడుస్తూ, నా గడియారం ఎప్పుడూ సర్కారు గంటే చూపిస్తుందే అమ్మాయ్, కావాలంటే చూసుకో, అంది. క్లెమాన్స్ మెడ చాచి చూసింది. నిజమే, సర్కారు గంటే. ఫెర్దినా పోయాక మార్చారేమో, ఆమెకేం తెలుసు, అంతకుముందు ఎన్నడూ ఆ గోడ చూసి ఎరగదు. జైలుకి రాసిన జవాబులో ఎవరూ సంతకం పెట్టలేదని మాత్రమే రాసింది.

ఒక కుర్ర వకీలు, జాలిపడి, పునర్విచారణకి అర్జీ పెట్టాడు. ఏడాదిన్నరకి పై నుంచి జవాబొచ్చింది. పునర్విచారణకి కొత్త విషయం కావాలట. ఆటుపోట్ల పంచాంగం విచారణనాటికే ప్రతి దుకాణంలోనూ దొరుకుతోందట, తెలుసుకోదలిస్తే తెలిసే విషయమట, కాబట్టి అది కొత్తది కాదట. అంటే, తెలుసుకోవలసినవాళ్ళు తెలుసుకోలేదు కనక తెలియనివాడు జైల్లో ఉండాలి. అంతకన్నా అందంగా అన్యాయాన్ని ఎవరూ రాయలేరు. ముద్ర కూడా తిన్నగా పడింది.

అరవై రెండులో, ఏదో పండగ సందర్భాన పదిమందిని వదులుతూ, ఒనెజిమ్‌కి కూడా క్షమాభిక్ష పెట్టారు. తొమ్మిదేళ్ళు మంచి నడవడితో ఉన్నాడు కనక. అతను ఆ కాగితం పుచ్చుకోనన్నాడు. క్షమించడానికి నేనేం చేశాను, అన్నాడు. పుచ్చుకోకపోయినా బయటికి పోవాల్సిందే, నీ మంచం ఇంకొకడికి ఇచ్చేశాం, అన్నారు.

ఇంటికొచ్చాక ఊరు మంచిగానే చూసింది, అదే అతన్ని కాల్చింది. పోనీలే ఒనెజిమ్, అయిందేదో అయింది, సర్కారే క్షమించాక మేమెంత, అని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు భుజం తట్టారు. నాలుగో రోజున తెయొదుల్ బలవంతాన కెఫేకి లాక్కుపోయాడు. ఒనెజిమ్ బల్ల ముందు కూర్చుని, అలవాటు కొద్దీ గడియారం చూశాడు. కిటికీలోంచి నీళ్ళు చూశాడు. మళ్ళీ గడియారం చూశాడు.

ఇదెప్పుడు మారింది, అని అడిగాడు.

తెయొదుల్ గ్లాసులోకి చూసుకున్నాడు. నీకు శిక్ష పడ్డాక వచ్చిన సోమవారం, అన్నాడు. మేం వచ్చేసరికే ముందుకి తిరిగి ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఎవరూ అడగలేదంటే అందరికీ తెలుసన్నమాట. గోడని గుద్దింది ఎవరినో అప్పుడు తెలిసింది ఒనెజిమ్‌కి. జర్మను సార్జెంటుకి లొంగని గడియారం ఒక నిర్దోషి జైలుకి పోగానే తనంతట తను లొంగింది. దాన్ని తిప్పిన చెయ్యి ఒకటే కావచ్చు, తిప్పగా చూసి గ్లాసెత్తిన చేతులు ఏడు. క్లెమాన్స్ సంతకం అడిగింది ఆ చేతుల్నే.

ఆ రోజు గ్లాసు ముట్టకుండా లేచిపోయాడు. ఇంట్లో క్లెమాన్స్‌కి చెబితే, ఆమె చేపకత్తి బల్లకి గుచ్చింది. కేకలు పెట్టకు, వాళ్ళు నువ్వు కేకలు పెడితే బాగుండునని చూస్తున్నారు, అంది.

మర్నాడు మధ్యాహ్నం, మనుషులంతా బురద నుంచి వచ్చి గ్లాసులు పట్టుకుని ఉండగా, ఒనెజిమ్ కెఫేలోకి వచ్చి, కుర్చీ లాక్కుని ఎక్కి, గడియారం ముల్లు ఒక గంట వెనక్కి తిప్పి, కుర్చీ మళ్ళీ బల్ల దగ్గర పెట్టి, టోపీ అంచు ముట్టుకుని వెళ్ళిపోయాడు. అతను గుమ్మం దాటగానే ఇర్మమ్మ ముందుకు తిప్పింది. మర్నాడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తిప్పాడు. మూడో రోజున ఎవడో కుర్రకుంక నవ్వబోతే తెయొదుల్ వాడి నోటికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ఐదో రోజున నలుగురు రాలేదు. ఎనిమిదో రోజున ఇర్మమ్మ, పిచ్చి పట్టిందా నీకు, పోలీసుల్ని పిలుస్తాను, అంది. పిలువమ్మా, అదే నేను కోరేది, అని దిగిపోయాడు. డెబ్బై ఏళ్ళు దాటిన ఇర్మమ్మకి కుర్చీ ఎక్కడం కష్టం. అయినా ప్రతిసారీ ఎక్కి ముందుకు తిప్పింది, ఒక చెయ్యి గడియారం పక్కనున్న ఫెర్దినా ఫోటోకి ఆనించుకుని.

పదకొండో రోజున అతను వచ్చేసరికి కెఫేలో ఎవరూ లేరు. గడియారం గోడ మీద లేదు. బల్ల మీద, తువ్వాలు మీద పడుకోబెట్టి ఉంది. ఇర్మమ్మ దాని పక్కన కూర్చుని ఉంది.

"కూర్చో. ఆ కుర్చీ ఎక్కొద్దు, కూర్చో."

అతను నిలబడే ఉన్నాడు.

"తీర్పు రోజున కోర్టు గోడ మీద నాలుగు చూసి బస్సెక్కాను. గంట ప్రయాణం. ఇంటికొచ్చి చూస్తే దీంట్లో మళ్ళీ నాలుగే. టోపీ కూడా తీయలేదు, అలాగే నిలబడిపోయాను. అప్పుడే తెలిసింది నాకు, నిన్ను జైల్లోకి తోసింది నేనని."

"తెలిసి?"

"చెయ్యెత్తి ప్రమాణం చేసొచ్చానయ్యా. మళ్ళీ వెళ్ళి తప్పు చెప్పానంటే నన్ను వేస్తారనుకున్నాను. రెండు రోజులు తిండి లేదు. మూడో రోజు లేచి దీన్ని తిప్పేశాను. ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటే, ఇలాగే ఉన్నట్టు అవుతుందనుకున్నాను."

"మా ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగింది నిన్ను."

"అడిగింది."

"తొమ్మిదేళ్ళు, ఇర్మమ్మా. నువ్వు చెప్పింది తప్పు కాదు, అప్పుడు. పన్నెండున్నరే. నేనూ అదే చెప్పాను. అందుకు నిన్ను ఒక్క మాట అనను. సోమవారం నాడు కుర్చీ ఎక్కావు చూడు, దానికి నాకు సమాధానం కావాలి. నాకు కాదు. అక్కడ, కోర్టులో."

ఇర్మమ్మ గడియారం అద్దం మీద దుమ్ము గౌను చెంగుతో తుడిచింది. ఫెర్దినా పదకొండు రోజులే తిప్పాడు, అంది. పన్నెండో రోజు వాళ్ళే వచ్చి తీసుకుపోయారు. నన్నెవరూ తీసుకుపోరు, నేనే పోవాలి.

పోయింది. మర్నాడు ఉదయం బస్సులో, గడియారాన్ని శాలువాలో చుట్టి పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, కుర్ర వకీలు దగ్గరికి. ఒనెజిమ్ వెనక సీట్లో కూర్చున్నాడు, పక్కన కాదు. సాక్షి గడియారం ఏ గంటలో నడిచిందో, తీర్పు తర్వాత ఆమె దాన్ని ఎందుకు తిప్పిందో ప్రమాణం మీద రాసిచ్చింది. ఏ దుకాణంలోనూ దొరకని విషయం అది, ఇక కొత్తది కాదనడానికి పైవాళ్ళకి వీల్లేకపోయింది. ఇర్మమ్మ వెళ్ళిందని తెలిశాక ఏడుగురూ ఒక్కొక్కరే సంతకాలకి వచ్చారు, ఒకళ్ళని ఒకళ్ళు చూడకుండా. అందరికన్నా ముందు వచ్చినవాడు తెయొదుల్. అందరికన్నా ముందు రావలసింది ఐదేళ్ళ కిందట.

పాత తీర్పు కొట్టేసి, ఇంకో జిల్లా కోర్టులో మళ్ళీ విచారణ పెట్టేసరికి అరవై నాలుగు వచ్చింది. ఇర్మమ్మ మొత్తం చెప్పింది, దేన్నీ వదల్లేదు. ప్రభుత్వ వకీలు, కొత్తవాడు, ఇంతకాలం మౌనంగా ఎలా ఉన్నారమ్మా అని అడిగాడు. మౌనం కష్టం కాదు దొరా, మొదటి వారమే కష్టం, అంది. గదిలో ఎవరూ నవ్వలేదు.

ఒనెజిమ్ వంతు వచ్చింది. ఆ రోజు ఎన్నింటికి ఒడ్డెక్కావని జడ్జి అడిగాడు.

"ఏ గంటలో చెప్పమంటారు అయ్యగారూ, మీ గంటలోనా, మా గంటలోనా? పోయినసారి ఎవరూ అడగలేదు."

రెండూ చెప్పమన్నాడు జడ్జి. సూర్యుడి గంటలో పన్నెండున్నర, సర్కారు గంటలో ఒకటిన్నర, అన్నాడు. గుమాస్తా ఒకటిన్నర అని రాసుకోవడం చూసి, రెండూ రాయండి, రాసేదాకా ఇక్కడే ఉంటాను, అన్నాడు. గుమాస్తా జడ్జి వైపు చూశాడు. జడ్జి తలూపాడు. పదకొండేళ్ళ తర్వాత సర్కారు కాగితం మీద అతను చెప్పిందీ వాళ్ళు రాసిందీ ఒకటయ్యాయి.

జ్యూరీ ఎంతోసేపు తీసుకోలేదు. జడ్జి కాగితాలు సర్దుకుంటూ, మీరిక వెళ్ళొచ్చు, అన్నాడు. ఒనెజిమ్ కదల్లేదు. వెళ్ళడానికి రెండేళ్ళ కిందటే వదిలేశారు, ఏమని వెళ్ళాలో చెప్పండి, అన్నాడు. వకీలు చొక్కా పట్టి లాగాడు, చెయ్యి విదిలించాడు. జడ్జి కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, లేచి నిలబడి, ఒనెజిమ్ రవార్ నిర్దోషి అని ఈ న్యాయస్థానం ప్రకటిస్తోంది, అని చదివాడు. పొరపాటైందని గానీ, విచారిస్తున్నామని గానీ ఏ నోటా రాలేదు. తన సమ్మెట తనకి ఇప్పించమని ఒనెజిమ్ అడిగితే, సాక్ష్యం వస్తువులు ఎప్పుడో పారేశామన్నారు. బార్బొతోని చంపిందెవరో ఇవాళ్టికీ తెలియదు. దొరికినవాడు దొరికాక ఇంకొకణ్ణి వెతికే అలవాటు వాళ్ళకి లేదు, వెతకవలసిన రోజుల్లో ఉన్న ఆనవాళ్ళు ఎప్పుడో చెరిగిపోయాయి.

తిరిగొచ్చిన మర్నాడు తెయొదుల్ తెల్ల రంగు డబ్బా, కొత్త కుంచె పట్టుకుని ఒనెజిమ్ గుమ్మంలో నిలబడ్డాడు. నేను దిద్దిపెడతాను, అన్నాడు. క్లెమాన్స్ డబ్బా తీసుకుంది, కుంచె తీసుకుంది, లోపలికి రమ్మనలేదు. నువ్వు దిద్దక్కర్లేదు, మిగతా ఆరుగురినీ తీసుకుని వాలు దగ్గరికి రా, అంది.

వచ్చారు. ఉత్తరపు గాలి కొడుతోంది, ఆటు మొదలైంది, బురద మీదికి పోవలసిన వేళ. పడవ బోర్లించి ఉంది. తొమ్మిదేళ్ళు క్లెమాన్స్ మోకాలు అరగదీసిన చెక్క, ఆపైన రెండేళ్ళు ఒనెజిమ్ మోకాలిది. క్షమాభిక్ష వచ్చినప్పుడే దిద్దమని ఊరివాళ్ళు అన్నారు, కానీ క్షమించిన పేరు నా పడవ మీద ఎక్కించను అని క్లెమాన్స్ ఒప్పుకోలేదు. ఒనెజిమ్ మోకాళ్ళ మీద కూర్చుని కుంచె ముంచాడు. చెయ్యి అలవాటు తప్పింది, మొదటి అక్షరం కాస్త వంకరపోయింది. తుడవబోయాడు. ఉండనీ, అంది క్లెమాన్స్. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగి, ముందుదాని తడి ఆరనిచ్చి రాశాడు. తొందరేం లేదన్నట్టు రాశాడు. నీళ్ళు వెనక్కి పోతూనే ఉన్నాయి, ఆ రోజు ఆటు చేజారిపోతోంది, గుంజల మీద పని పోతోంది. ఏడుగురిలో ఒక్కడు కూడా కదల్లేదు, తన పడవ వైపు చూడలేదు.

ఆఖరి అక్షరం అయ్యాక ఒనెజిమ్ లేచి, కుంచె తెయొదుల్ చేతిలో పెట్టాడు. కెఫే కిటికీలోంచి ఇర్మమ్మ చూస్తోంది. వెనక గోడ మీద మేకు మాత్రమే ఉంది. గడియారం ఇంకా కోర్టు వాళ్ళ దగ్గరే ఉంది, తిరిగిస్తారో లేదో ఎవరూ చెప్పలేదు.